నేపుల్స్‌లో వదిలేసి వచ్చిన ఉగ్గుగిన్నె

యుద్ధం వచ్చి సూయజ్ కాలవ మూసేశారని పేపర్లో పడిన దగ్గర్నుంచి మావారికి ఆ కథ చెప్పడానికి ఒక కొత్త మొదలు దొరికింది. కృష్ణపట్నం రేవు పని మీద ఎవరు వచ్చినా, నేను కాఫీ తెచ్చేలోగా ఎత్తుకుంటారు.

"మేము పోయింది ఆ కాలవలోనే. మా ఆమె ఉగ్గుగిన్నె ఇప్పటికీ ఇటలీలో ఉండాది తెలుసా. మ్యూజియంలో, అద్దాల బీరువాలో. రెండువేల ఏళ్ళ నాటిదని కింద చీటీ గూడా పెట్టుంటారు."

అందరూ నవ్వుతారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టి, ఖాళీ గ్లాసులు తీసుకొని లోపలికి వచ్చేస్తాను. కథ బాగానే చెప్తారు. చెప్పని సంగతులే కొన్ని మిగిలిపోయాయి. పిల్లలు పడుకున్నాక అవి రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

రేవుల పని నేర్చుకు రమ్మని మావారిని రెండేళ్ళు ఇంగ్లండు పంపించారు. అప్పటికి మా పెద్దపిల్లకు తొమ్మిదో నెల. చంటిబిడ్డతో నన్ను బోగోలులో మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళమని అత్తగారు, వెంట తీసుకుపోతానని ఆయన, నెలరోజులు వాదించుకున్నారు. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే వస్తాననే చెప్పేదాన్ని. మద్రాసులో చరిత్ర తీసుకొని బి.ఏ. చదివాను. గ్రీకులు, రోమన్లు, వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ యుద్ధాలు పరీక్షల కోసం బట్టీ పట్టినదాన్ని. ఆ ఊళ్ళు కళ్ళతో చూడొచ్చునన్న ఆశ నాకు ఉండేది. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజు జరిగినదాంట్లో నా చదువుకు కూడా వాటా ఉంది.

బయల్దేరేటప్పుడు అమ్మ కంచు ఉగ్గుగిన్నె ఇచ్చింది. అరచేతిలో ఇమిడిపోయే గిన్నె, ఒక పక్క పిచ్చుక ముక్కులాగా చిన్న తూము. మా అమ్మమ్మ పిల్లలూ, అమ్మ పిల్లలూ దాంతోనే పాలు తాగారు. అంచు మీద ఒక సొట్ట ఉండేది, చిన్నప్పుడు నేనే విసిరి కొట్టానట. చింతపండుతో తోమి, బంగారంలా మెరిసేట్టు చేసి, మావారి ఎదటే నా చేతిలో పెట్టింది.

"పెట్టెలో పడెయ్యొద్దు. చేతి సంచీలోనే పెట్టుకో" అంది.

ఏడెన్ దాటిన తరువాత నాకు జ్వరం తగిలింది. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది గాని, పాలు పోయాయి. పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. ఓడ డాక్టరు రబ్బరు తిత్తి తొడిగిన సీసా ఇచ్చి, ఆకలేస్తే అదే తాగుతుందిలే అన్నాడు. రెండు రోజులు ఆకలితో ఏడ్చింది గాని తాగలేదు. రబ్బరు నోటికి తగిలితే చాలు, మెడ తిప్పేసేది. చెంచాతో పోస్తే ఉమ్మేసేది. కాళ్ళు చాపుకొని, పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకొని, గిన్నె తూముతో బుగ్గ పక్కన చుక్కచుక్కగా పోస్తేనే మింగేది. రోజుకు ఆరుసార్లు అదే పని. మిగతా పొద్దంతా ఒళ్ళు వేడిగా ఉందా, మెడ కింద ఎముకలు నిన్నటికంటే తేలాయా అని తడుముకోవడం. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. మావారికి అది చాదస్తంగా కనిపించేది.

ఓడలో చింతపండు ఎక్కడిది? పది పన్నెండు రోజుల ఉప్పుగాలికి గిన్నె నల్లబడింది. తూము మొదట్లో ఆకుపచ్చ చిలుము పట్టింది. బయట ఎలా ఉంటేనేం, లోపల మాత్రం వేణ్ణీళ్ళతో గీకి గీకి కడిగేదాన్ని.

నేపుల్స్‌లో ఓడ పొద్దున్నే ఆగింది. సాయంత్రం నాలుగుకల్లా అందరూ వెనక్కి రావాలన్నారు. నేను దిగనన్నాను.

"ఇంత దూరం వచ్చి గదిలో కూచుంటావా? చరిత్ర చదివింది నువ్వా, నేనా?" అన్నారు మావారు. "పిల్లకు గాలి తగిలితే మంచిదే. నీ దిగులు నువ్వు మోస్తే చాలదా, దానికి గూడా అంటించాల్నా?"

దిగాను. మాతో పాటు నెల్లూరు సాయిబు గారొకాయన వచ్చారు. తోళ్ళ వ్యాపారం. ఇంగ్లీషు అంతగా రాదు గాని, ఏ దేశం వాడితోనైనా చేతులు తిప్పుతూ అరగంట మాట్లాడగల మనిషి. ఓడలో తెలుగు వినపడేది మాకు ఆయన నోట, ఆయనకు మా నోట. ముగ్గురం కలిసి ఇంగ్లీషు వచ్చిన ముసలి గైడును కుదుర్చుకున్నాం.

ముందు పాత ఊరు చూపించాడు. రెండు చేతులు చాపితే అటూ ఇటూ గోడలు తగిలేటంత సందులు. పైన ఈ ఇంటి కిటికీ నుంచి ఆ ఇంటి కిటికీకి తాళ్ళు కట్టి బట్టలు ఆరేసి ఉన్నాయి. ఎండ నేల మీదికి రావడం లేదు. నాలుగో అంతస్తు నుంచి ఒకామె తాడుకు బుట్ట కట్టి దించితే కింద కూరగాయలవాడు వంకాయలు వేసి పంపాడు. వీధి మూలల్లో గోడకు చిన్న గూళ్ళు, లోపల మేరీమాత బొమ్మ, ముందు దీపం, వాడిన పూలు. ఈ సందులు గ్రీకులు గీసిన గీతల మీదే ఉన్నాయని గైడు చెప్పాడు. నేను పుస్తకంలో చదివినదే. కాని నా కళ్ళు గోడల మీద నిలవలేదు. కాలవల్లో పారే నీళ్ళు, ముసిరే ఈగలు, ఆరుబయట కోసి పెట్టిన చేపలు, ఇవే కనిపించాయి. పిల్ల మొహాన కొంగు కప్పి నడిచాను.

"ఏందమ్మా, మైపాట్లో చేపల బజారుకు పొయ్యినా ఇంతకంటే నీటుగా ఉంటది గదా" అన్నారు సాయిబు గారు. "ఇది చూసేదానికి సముద్రాలు దాటొచ్చినాం."

ఒక గుమ్మం ముందు కుర్చీ వేసుకొని బఠాణీలు వలుస్తున్న ముసలామె మమ్మల్ని ఆపింది. పాప బుగ్గ గిల్లి ఏదో ముద్దు చేసింది. అంతలో బుగ్గ మీద నేను పెట్టిన కాటుక చుక్క చూసి, మసి అనుకుంది కాబోలు, చేతిగుడ్డ ఉమ్మితో తడిపి తుడిచేసింది.  మావారు థాంక్స్ చెప్పారు. అక్కడి నుంచి నా మనసు మనసులో లేదు. కాటుక ఓడలో ఉండిపోయింది.

తరువాత గైడు ఒక మ్యూజియానికి తీసుకెళ్ళాడు. ఊరంతటికీ పేరున్న పెద్దది కాదు. పెద్దదానికి వెళ్తే పొద్దు చాలదన్నాడు. ఇది పాతకాలంలో సన్యాసులుండే మఠమట. మధ్యలో పెరడు, చుట్టూ వరండా, గదుల నిండా బీరువాలు. లోపలికి పోకముందే పిల్లకు పాల వేళయింది. వరండా మెట్టు మీద కాళ్ళు చాపుకు కూర్చొని, ఫ్లాస్కులో పాలు గిన్నెలో పోసి పట్టాను. ఇద్దరు తెల్లవాళ్ళు నిలబడి ఫోటో తీశారు.

"కానీ, తొందరగా కానీ. జనం వింతగా చూస్తా ఉండారు" అన్నారు మావారు, వాళ్ళ వైపు నవ్వుతూనే.

గిన్నె కడిగాను. తడిగా ఉంది, సంచీలో పెడితే పాప బట్టలు తడుస్తాయని చేత్తోనే పట్టుకొని లోపలికి నడిచాను.

దీపాలు, అద్దాలు, సూదులు, ఎముక దువ్వెనలు, చేపల గాలాలు. ఒక గది చివర బీరువాలో వరసగా ఏడెనిమిది చిన్న గిన్నెలు కనిపించాయి. కొన్ని మట్టివి, మూడు నాలుగు కంచువి. ప్రతి గిన్నెకూ పిచ్చుక ముక్కు. వరసలో ఒకచోట మాత్రం నంబరు చీటీ ఉంది, గిన్నె లేదు.

"ఇవి దీపాల్లోకి నూనె పోసుకునేవి" అన్నాడు గైడు.

నేను ఉండబట్టలేకపోయాను. చేతిలో గిన్నె ఎత్తి చూపించి, కాదు, పసిపిల్లలకు పాలు పట్టేవి అని ఇంగ్లీషులో చెప్పాను. ముసలాయన నా గిన్నె చూశాడు, బీరువా చూశాడు, కళ్ళద్దాలు పెట్టుకొని వంగి, కింద ఉన్న పెద్ద చీటీ చదువుకున్నాడు. లేచి, నా వంక కొత్తగా చూశాడు. మీరు చెప్పిందే నిజమేమో మేడమ్ అన్నాడు. మావారి మొహంలో గర్వం కనిపించింది. చెప్పొద్దూ, నాకూ గర్వమే వేసింది. చదివిన చదువు పెళ్ళయ్యాక పనికొచ్చింది అదొక్కసారే.

"ఎలా చెప్పగలమంటే," గైడు ఉత్సాహంగా పూర్తి చేశాడు, "ఇవన్నీ చంటిపిల్లల సమాధుల్లో దొరికాయి. పక్కన పెట్టి పూడ్చేవాళ్ళు."

నేను చేసింది ఆలోచించి చేసింది కాదు. చేతిలో గిన్నెను బొడ్లో దోపేసుకొని, దాని మీద కొంగు కప్పేశాను. పిల్లను భుజానికి అదుముకొని ఆ గదిలోంచి బయటపడ్డాను. శవం పోయే వీధిలో చంటిపిల్లను గడప దాటించని ఇంట్లో పుట్టినదాన్ని. చచ్చిపోయిన పిల్లల గిన్నెల ఎదట నా పిల్ల గిన్నెను పైకెత్తి మరీ చూపించాను, ఇదీ అలాంటిదే అని నా నోటితోనే చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోలేను. గిన్నెనైనా వాటి కంట పడకుండా దాచాలనిపించింది.

గది తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న కాపలావాడు నా గిన్నె చూడలేదు. నేను దాచడం మాత్రం చూశాడు.

వాకిట్లో ఆపారు. ఒంటిగంటకు మూసే వేళ. కాపలావాడు గైడుతో ఏదో అని, నా నడుము వైపు చెయ్యి చూపించాడు. గిన్నె తీసి చూపించాను. నల్లగా, చిలుము పట్టి, ఆ బీరువాలోంచి ఊడిపడ్డట్టే ఉంది. బీరువాలో ఖాళీ చోటు లెక్క తెలిసిన అధికారి భోజనానికి వెళ్ళాడు, నాలుగున్నరకు గాని రాడు, అప్పటిదాకా ఉండండి అన్నారు. నాలుగుకు మేం ఓడలో ఉండాలి.

గదిలో బల్ల ముందు కూర్చోబెట్టారు. గైడు మా వైపే మాట్లాడాడు, అబద్ధమెందుకు చెప్పాలి. చివరికి మావారి వైపు తిరిగాడు.

"ఆమెదే అయితే ఎందుకు దాచుకుంది అని అడుగుతున్నాడు."

"ఎందుకు దాచినావు?" మావారు నన్నడిగారు.

చరిత్రలో బి.ఏ. పాసయిన దాన్ని. అర్ధగంట కిందట గైడుకు పాఠం చెప్పినదాన్ని. సమాధి గిన్నెల దృష్టి పడుతుందని దాచానని, ఆ నలుగురు మగవాళ్ళ ముందు, తిరిగి ఇంగ్లీషులోకీ అక్కడి భాషలోకీ మార్చి చెప్పించమని ఎలా అనగలను? పిల్లను ఇంకో భుజానికి మార్చుకున్నాను.

కాపలావాడు వెళ్ళి బీరువా తెరిచి ఒక కంచు గిన్నె తెచ్చాడు. మా గిన్నె పక్కన బల్ల మీద పెట్టాడు. రెండింటినీ మూతి మూతి ఆనించి కొలత చూశాడు. సమాధి గిన్నెలో వేలు పెట్టి లోపలి దుమ్ము తుడిచి చూశాడు. ఆ వేలే మా గిన్నెలో పెట్టాడు.

రెండవుతుంటే పాప ఏడుపు మొదలుపెట్టింది. పాల వేళ దాటిపోయింది.

సాయిబు గారు అప్పటిదాకా గోడవారన నిలబడి ఉన్నారు. బల్ల దగ్గరికి వచ్చారు.

"ఇంజనీరు గారూ, దీనికింత పంచాయితీ ఏంది. ఫ్లాస్కులో పాలుండాయి, ఆకలిగొన్న బిడ్డ ఉండాది. అమ్మ ఆ గిన్నెతో పట్టిందంటే, బిడ్డ గుటగుటా తాగిందంటే, ఈయప్పకు వేరే సాక్ష్యం కావాల్నా? అది ఎవరి గిన్నో బిడ్డే చెప్తాది."

మావారు ఇంగ్లీషులో చెప్తే గైడు ఆ మాట కాపలావాడికి చెప్పాడు. వాడు ఒక్క క్షణం ఆలోచించి, నవ్వి, గిన్నె నా వైపు తోశాడు. వాడిలో అంత చెడ్డతనం లేదు. వాడికీ పిల్లలుండి ఉంటారు.

గిన్నె నా ముందుంది. అంచు మీద నేను పెట్టిన సొట్ట కనిపిస్తోంది. లోపల, సన్నటి బూడిదరంగు గీత, వాడి వేలు తిరిగిన చోట.

"పాలు పొయ్యి. పట్టు" అన్నారు మావారు.

"వద్దండీ."

"వద్దా?"

"దాంతో పట్టను."

పాప ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పడుతోంది. సాయిబు గారు తల దించుకున్నారు. మావారు కుర్చీ దగ్గరికి జరుపుకొని, గైడుకు తెలుగు రాకపోయినా గొంతు తగ్గించి అడిగారు.

"నిజం చెప్పు. తీసినావా?"

కోపంగా అడిగి ఉంటే నయంగా ఉండేది. బతిమాలినట్టు అడిగారు. తీసి ఉంటే నాతో చెప్పు, ఎలాగో బయటపడదాం అన్నట్టు. తీశానంటే కాపాడడానికి సిద్ధంగా ఉన్నారు. తియ్యలేదని నమ్మడానికి మాత్రం సిద్ధంగా లేరు.

"మన గిన్నె అండీ" అన్నాను.

"మనది పచ్చగా మెరుస్తా ఉంటుంది గదా. మీ అమ్మ ఇచ్చినప్పుడు నేను చూళ్ళేదా?"

అప్పుడర్థమయింది. బోగోలులో చూసిందే ఆయన చూడడం. ఆ తరువాత ఓడలో, మూడడుగుల దూరంలో కూర్చొని పేపరు చదువుకుంటూ, తన పిల్ల ఏ గిన్నెలోంచి బతుకుతోందో ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. ఇందాక బీరువా ముందు నేను ఎత్తి చూపించినప్పుడు కూడా నా ఇంగ్లీషే విన్నారు గాని గిన్నెను చూడలేదు.

సంచీ వెతికారు. మెరిసే గిన్నె అందులో లేదు. లేకపోయేసరికి, అది ఎక్కడో పారేసుకొని దీన్ని తీశాననుకున్నారు కాబోలు, ఆయన మొహం ఇంకా వాడిపోయింది. ఇంకేదో అడగబోయి మానేశారు. లేచి, గిన్నె ఇక్కడే ఉంచుకోండి, మాకు ఓడ తప్పిపోతుంది అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పారు. వాళ్ళు మా పేర్లు రాసుకొని ఒక చీటీ ఇచ్చారు. మీదని తేలితే పంపిస్తారు, ఈ చిరునామాకు ఉత్తరం రాయండి అన్నాడు గైడు. మావారు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంగ్లండు వెళ్ళాక రాస్తానన్నారు. వెళ్ళాక రాయలేదు. అప్పుడొకసారి, ఇప్పుడొకసారి నేను గుర్తు చేస్తే, పోయినదాన్ని తవ్వుకోవడమెందుకు అన్నారు. రాస్తే ఏ జవాబు వస్తుందోనని భయపడ్డారనుకుంటాను. తిరిగొచ్చాక మా అమ్మ గిన్నె ఏదని అడిగితే, ఓడలో పారేసుకుందత్తా, అని ఆయనే చెప్పారు. అమ్మ నన్ను నెలరోజులు ఆడిపోసుకుంది. జాగ్రత్త లేని మనిషివన్నది.

ఓడ ఎక్కే మెట్ల దగ్గర సాయిబు గారు నాతో నడిచారు. మావారు ముందు వెళ్ళిపోయారు.

"ఎందుకు పట్టలేదమ్మా?"

వేలి సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మా ఇంట్లో ఆడోళ్ళయినా పట్టి ఉండరు. సార్‌తో నేను చెప్పనా?"

"వద్దు" అన్నాను.

పరాయి మనిషి చెప్తే నమ్మే మాట నేను చెప్పకుండానే నమ్మాలని పంతం. ఆ పంతానికి మూల్యం పాప చెల్లించింది.

ఆ సాయంత్రం చెంచాతో పోస్తే ఉమ్మేసింది. సీసా విసిరేసింది. గుడ్డ పాలలో ముంచి పెదాల మధ్య పిండాను, నాలుగు చుక్కలు దిగాయేమో. మరునాడంతా అదే గుడ్డ. ఏడుపు మానేసి ఊరికే చూస్తూ పడుకుంది. పిల్ల ఏడ్వకపోతే ఎంత భయమో అప్పుడు తెలిసింది. నడినెత్తి మీద మాడు గుంట పడింది. ఆ గిన్నె ఉంటే, లోపల గీకి, మరిగే నీళ్ళలో వేసి, దేవుడికి దండం పెట్టుకొని పట్టేదాన్నే. వేలు పెట్టినా పట్టేదాన్ని. ఆ తెలివి ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. మావారు డాక్టరును రెండుసార్లు పిలుచుకొచ్చారు. నన్నొక్క మాట అనలేదు. నేనూ ఆయనతో మాట్లాడలేదు. ఇద్దరి మధ్యా పిల్ల, పరుపు మీద, పుల్లలాంటి చేతులతో.

మూడోనాడు పొద్దున ఆయన టీ తాగుతూ, కప్పు కింద సాసరు తీసి, అందులో పాలు పోశారు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకొని సాసరు అంచు పెదాలకు ఆనించారు. పాప సాసరు వంక చూసింది. రెండు చేతులతో అంచు పట్టుకుంది.

నేను ఎదురు మంచం మీద కూర్చొని ఉన్నాను. రెండు రాత్రులుగా ఏ దేవుడికైతే మొక్కుతున్నానో ఆ దేవుడికే అప్పుడు ఇంకో మొక్కు మొక్కాను. తాగకూడదని. ఉమ్మెయ్యాలని. ఆ గిన్నె లేకపోతే తన కూతురు బతకదని ఆయనకు తెలిసి రావాలని, పరుగెత్తుకెళ్ళి ఆ ఊరికి టెలిగ్రాం కొట్టాలని, అది మనదేనని ఒక్కసారి తన నోటితో అనాలని. ఎంతసేపో కాదు, ఒక నిమిషం. ఆ నిమిషం నేను నా బిడ్డ ఆకలికి కాపలా కూర్చున్నాను.

పాప గుటక వేసింది. ఇంకో గుటక వేసింది. సాసరంతా తాగి, ఖాళీ సాసరు నాకి, ఇంకా కావాలని చేతులు కొట్టింది.

"చూసినావా" అన్నారాయన, కళ్ళలో నీళ్ళతో. "దేంట్లో పోస్తేనేంది, తాగింది గదా."

అవునండీ అన్నాను. లేచి ఇంకొంచెం పాలు కలపడానికి వెళ్ళాను.